జెట్ లోపలి పని మొదలుకాకముందే మీ తరఫు మనిషిని ఎలా పెట్టుకోవాలి

ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మేస్త్రీ ఎంత మంచివాడైనా స్లాబు పోసే రోజు మన మనిషి ఒకడు సైటులో నిలబడాల్సిందే. కాంక్రీటు పడ్డాక లోపల కడ్డీలు ఎంత దూరానికి ఒకటి కట్టారో ఎవరికీ కనపడదు. ప్రైవేట్ జెట్ లోపలి పనీ అంతే. సీట్లు, తివాచీ, చెక్కపని అందరికీ కనపడతాయి. వాటి వెనక పోయే వైర్లు, నీళ్ల గొట్టాలు, బ్రాకెట్లు మాత్రం ప్యానెల్ మూశాక ఎవరికీ కనపడవు. ఇంటి గోడ పగలగొట్టి సరిచేసుకుంటే వారం పోతుంది. విమానంలో ఒక గొట్టం కోసం మొత్తం వంటగది విప్పాల్సి రావచ్చు. ఆ నెలంతా విమానం హ్యాంగర్‌లో, పైలట్లు జీతం మీద, బాస్ టెన్షన్‌లో.

నిజానికి ఇది విమానం కొనేవాళ్ల కోసం రాస్తున్నది కాదు. "సార్ జెట్ కొంటున్నారు, ఇంటీరియర్ సంగతి నువ్వు చూసుకో" అని ఫైలు చేతిలో పెట్టించుకున్నవాళ్ల కోసం. మామూలుగా అది కంపెనీ లెక్కలు చూసే గ్రూప్ సీఎఫ్‌ఓ అయి ఉంటారు, లేదా చీఫ్ పైలట్. ఒక్కోసారి అమెరికాలో ఉన్న అల్లుడుగారు. ముగ్గురిలో ఎవరికీ ఇది రోజూ చేసే పని కాదు. అందుకే రోజూ అదే పని చేసే మనిషిని పెట్టుకుంటారు. ఈ రంగంలో ఆయన్ని ఓనర్స్ రిప్రజెంటేటివ్ అనీ, కంప్లీషన్ కన్సల్టెంట్ అనీ అంటారు. నేను ఇక్కడ ఓనర్ రెప్ అనే అంటాను. ఇరవయ్యేళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో ఉండి, అందులో సగం కాలం ఇలాంటి రెప్‌ల పక్కన టార్చిలైటు పట్టుకుని తిరిగినవాణ్ని, కాబట్టి కొంత పక్షపాతం ఉంటుంది. చదివేటప్పుడు ఆ మేరకు తీసేసుకోండి.

ముందు మీ పని ఏ రకమో తేల్చుకోండి

చిన్న, మధ్యరకం జెట్లు ఫ్యాక్టరీ నుంచే పూర్తి ఇంటీరియర్‌తో వస్తాయి. మీరు లెదర్ రంగు, చెక్క రకం, సీట్ల అమరిక కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకుంటారు. పెద్ద బిజినెస్ జెట్లలో ఎంపికలు ఎక్కువ, అయినా లోపలి పని తయారీదారు సొంత కేంద్రంలోనే జరుగుతుంది. గల్ఫ్‌స్ట్రీమ్‌కు జార్జియా రాష్ట్రంలోని సవానా, బంబార్డియర్ గ్లోబల్ విమానాలకు మాంట్రియల్ అలాంటి చోట్లు. దస్సో ఫాల్కన్‌లను ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర కూర్చి, లోపలి పని కోసం అమెరికాలోని లిటిల్ రాక్‌కు ఎగరేసుకుపోతారు.

వీటికి పైన ఉండేది బోయింగ్ బీబీజే, ఎయిర్‌బస్ ఏసీజే వర్గం. అంటే ఎయిర్‌లైన్స్ వాడే విమానాన్నే సొంతానికి తీసుకోవడం. ఇది చాలావరకు "గ్రీన్"గా వస్తుంది. తుప్పు పట్టకుండా వేసే ఆకుపచ్చ ప్రైమర్ తప్ప పైన రంగుండదు, లోపల ఏమీ ఉండదు. ఆ ఖాళీ డొల్లను లోపలి పనంతా చేసిపెట్టే ప్రత్యేక కంప్లీషన్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. బాసెల్‌లో జెట్ ఏవియేషన్, ఏమ్యాక్, హాంబర్గ్‌లో లుఫ్తాన్సా టెక్నిక్, ఇండియానాపోలిస్‌లో కామ్‌లక్స్ ఈ పని చేసే పేరున్న సంస్థలు. పని కొన్ని నెలలే అని మొదలై ఏడాది దాటిపోవడం మామూలే.

నాలుగోది పాత విమానం కొని లోపల మార్పించడం. మనవాళ్లలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. "సీట్ల లెదర్ మార్చి తివాచీ వేయిస్తే చాలు" అని మొదలవుతుంది. విప్పాక లోపల తేమకు తుప్పు పట్టిన ఫ్లోర్ బీమ్ బయటపడుతుంది. పాత విమానానికి రెప్ అక్కర్లేదనుకుంటారు గానీ, నా లెక్కలో అక్కడే ఎక్కువ కావాలి. కొత్తదానిలో ఏం ఉండాలో డ్రాయింగ్ చెబుతుంది. పాతదానిలో ఏం ఉందో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు.

రకాన్ని బట్టి మనిషి అవసరం మారుతుంది. ఫ్యాక్టరీ ఇంటీరియర్ అయితే ముఖ్యమైన దశల్లో నాలుగైదుసార్లు వచ్చిపోయే రెప్ సరిపోతాడు. గ్రీన్ విమానమైతే సైటులో కాపురం పెట్టే మనిషి కావాలి.

సంతకం పెట్టకముందే పెట్టుకోండి

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. సెంటర్‌తో ఒప్పందం అయిపోయాక, అడ్వాన్సు కట్టేశాక, "ఇక ఎవరినైనా చూసుకోమందాం" అని రెప్ కోసం వెతుకుతారు. అప్పటికి ఆయన చేయగలిగేది సగమే. ఒప్పందంలో స్పెసిఫికేషన్ అనే భాగం ఉంటుంది. వందల పేజీలు ఉండొచ్చు. అందులో లేనిది ఏదైనా తర్వాత అడిగితే అది చేంజ్ ఆర్డర్, అంటే కొత్త బిల్లు. "సీట్లకు లెదర్" అని ఒక లైను రాసి ఉంటే చదివేవాళ్లకు సరిపోయినట్టే అనిపిస్తుంది. ఏ గ్రేడు, ఎన్ని రంగులు, కుట్టు ఎలా, గోడ ప్యానెల్ కింది భాగానికి కూడా లెదరా లేక వినైలా అని అడగడం తెలిసినవాడికే వస్తుంది.

ఒప్పందంలో మరో మూడు చోట్ల రెప్ కన్ను పడాలి. విమానం వారంటీ గ్రీన్‌గా ఉన్న రోజు నుంచే మొదలైతే, లోపలి పని అయ్యేలోపే అందులో ఏడాది కరిగిపోవచ్చు. ఎప్పటి నుంచి లెక్క అన్నది ముందే మాట్లాడుకోవాలి. రెండోది, ఆలస్యమైతే రోజుకు ఎంత తగ్గిస్తారో, దేన్ని ఆలస్యం కింద లెక్కేస్తారో. మూడోది డబ్బు విడతలు. క్యాలెండర్ తేదీలకు కాకుండా పూర్తయిన పనికి విడత కట్టేలా రాయించాలి. "మార్చి 15న 20 శాతం" అని కాదు, "డిజైన్ సమీక్షపై ఓనర్ సంతకం అయ్యాక 20 శాతం" అని.

సెంటర్ ఆర్థికంగా ఎలా ఉందో కూడా ఈ దశలోనే చూడాలి. అమెరికా అధ్యక్షుడి కొత్త విమానాల లోపలి పని అప్పట్లో చేస్తున్న టెక్సస్ సంస్థ జీడీసీ టెక్నిక్స్ మీద 2021 ఏప్రిల్‌లో బోయింగ్ కోర్టుకెక్కింది. పని ఆలస్యమవుతోందని ఒప్పందం రద్దు చేసుకుంది. ఆ సంస్థ ఎదురు వాదన చేసింది, అదే నెలలో దివాలా రక్షణ కోరింది. తప్పు ఎవరిదన్నది మనకు అనవసరం. బోయింగ్ అంతటి కొనుగోలుదారుకే మధ్యలో సరఫరాదారు చేజారితే, ఒక్క విమానం ఓనరుకు ఏ బలం ఉంటుంది? అందుకే అడ్వాన్సుకు బ్యాంకు గ్యారంటీ అడగమని రెప్ అంటే, అది అతిజాగ్రత్త అనుకోకండి.

ఎక్కడ దొరుకుతారు

ఈ పని చేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఎక్కువమంది లేరు. చాలామంది ఒకప్పుడు ఏదో ఒక కంప్లీషన్ సెంటర్లో ప్రాజెక్టు మేనేజర్‌గానో, ఇన్‌స్పెక్టర్‌గానో, తయారీ కంపెనీలో ఇంజినీర్‌గానో చేసి బయటికొచ్చినవాళ్లు. మంచివాళ్లు ప్రకటనలు ఇవ్వరు. అదే రకం విమానం నడుపుతున్న చీఫ్ పైలట్లను, మెయింటెనెన్స్ మేనేజర్లను అడగడమే దగ్గరి దారి. మన దేశంలో బిజినెస్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆపరేటర్స్ అసోసియేషన్ ఉంది, సభ్యుల్లో ఒకరిద్దరితోనైనా ఫోన్లో మాట్లాడండి. లాస్ వెగాస్‌లో ఎన్‌బీఏఏ ప్రదర్శన, దుబాయ్‌లో మెబా లాంటి బిజినెస్ విమానాల ప్రదర్శనలు ఉన్నాయి. బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఆ మూడు నాలుగు రోజులూ కాఫీలు తాగుతూ తిరిగినా పది పేర్లు తెలుస్తాయి.

విమానం అమ్మిన బ్రోకర్ "మావాడు ఒకడున్నాడు" అంటే నవ్వి ఊరుకోండి. సెంటర్ వాళ్లే ఒకరిని సిఫారసు చేస్తే అసలే వద్దు. పెళ్లిలో క్యాటరింగ్ వాడు చెప్పినవాణ్నే వంటల లెక్కకు కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఏం అడగాలి

ముగ్గురినైనా మాట్లాడించండి. బయోడేటాలో ఉన్న విమానాల జాబితా చూసి మురిసిపోవద్దు. ఒక పెద్ద ప్రాజెక్టులో పదిహేను మంది పనిచేస్తారు, పదిహేను మంది బయోడేటాల్లోనూ అదే విమానం ఉంటుంది. కాబట్టి "ఆ ప్రాజెక్టులో మీరు సైటులో ఎన్ని రోజులు ఉన్నారు, ఏ దశలో వచ్చారు, ఎవరికి రిపోర్టు ఇచ్చారు" అని అడగండి. తడబడితే తెలిసిపోతుంది.

తర్వాత నేనైతే రెండు కాగితాలు చూపించమంటాను. ఓనర్ పేరు, విమానం నంబరు కొట్టేసి ఇచ్చినా పర్లేదు. ఒకటి ఆయన పాత ప్రాజెక్టులో రాసిన వారపు రిపోర్టు. రెండోది అప్పగింత సమయంలో రాసిన లోపాల జాబితా, దాన్ని స్క్వాక్ లిస్ట్ అంటారు. రిపోర్టులో "పని సజావుగా సాగుతోంది" లాంటి వాక్యాలే ఉంటే పక్కన పెట్టండి. "ఎడమవైపు మూడో కిటికీ కింద ప్యానెల్‌కు రెండు మిల్లీమీటర్ల సందు, ఫోటో జతచేశాను, మంగళవారానికి సరిచేస్తామన్నారు" అని ఉంటే ఆ మనిషి కళ్లు పనిచేస్తున్నాయని అర్థం.

లోపాల జాబితా మరీ పొడవుగా ఉండటం కూడా మంచి గుర్తు కాదు. చివరి రోజున నాలుగు వందల లోపాలు రాశాడంటే, పని జరుగుతున్నన్నాళ్లూ చూడలేదన్నమాటే.

డబ్బు గురించి సూటిగా అడగండి: "ఈ ప్రాజెక్టులో మీకు మేము తప్ప ఇంకెవరైనా డబ్బిస్తారా? సీట్ల కంపెనీ, వైఫై కంపెనీ, సెంటర్, డిజైనర్, ఎవరైనా?" ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. ఈ రంగంలో కమీషన్లు లేవని ఎవరూ అనరు. జవాబు నోటిమాటగా కాకుండా ఒప్పందంలో రాతపూర్వకంగా తీసుకోండి.

మీ విమానం రకం మీద, మీరు ఎంచుకోబోతున్న సెంటర్లో పనిచేసిన అనుభవం ఉంటే మంచిదే. కానీ అదే సెంటర్లో ఇరవయ్యేళ్లు ఉద్యోగం చేసి నిన్నగాక మొన్న బయటికొచ్చినవాడైతే కొంచెం ఆలోచించండి. పాత స్నేహితుల ముందు కుర్చీ వేసుకుని "ఇది విప్పండి" అనడం అందరివల్లా కాదు.

ఇంటీరియర్ డిజైనర్ వేరు, ఓనర్ రెప్ వేరు. డిజైనర్ రంగులు, ఆకారాలు చూస్తారు. ఆ ఆకారం సర్టిఫై అవుతుందా, ఎంత బరువు, ఎన్ని రోజులు అన్నది రెప్ చూస్తారు. ఇద్దరూ ఒకరే అయితే వాళ్ల బొమ్మను వాళ్లే దిద్దుకోవాల్సి వస్తుంది, అది కుదరదు.

ఆయనతో మీ ఒప్పందం

ఫీజు నెలకు ఇంత అనో, రోజుకు ఇంత అనో ఉండాలి. మొత్తం ఖర్చులో శాతం అనే లెక్కకు ఒప్పుకోవద్దు. ఖర్చు పెరిగితే ఆయన జీతం పెరిగే ఏర్పాటు ఎవరికి మంచిది? నెలకు కనీసం ఎన్ని రోజులు హ్యాంగర్‌లో కాలు పెట్టాలో రాయండి. ప్రయాణం, హోటల్ ఎవరి ఖాతానో రాయండి. ఆయన జబ్బుపడితే ఎవరు వస్తారో కూడా రాయండి, ఏడాదిన్నర పనిలో ఒక్కసారైనా ఆ అవసరం వస్తుంది.

అధికారం ఎంతవరకు అన్నది అన్నిటికన్నా ముఖ్యం. లోపం చూపించి పని ఆపమనే హక్కు రెప్‌కు ఉండాలి. డబ్బు పెరిగే కాగితం మీద సంతకం పెట్టే హక్కు ఉండకూడదు, అది మీ దగ్గరే ఉండాలి. చేంజ్ ఆర్డర్ ప్రతిదాని మీదా మూడు అంకెలు ఉండాల్సిందే: ఎంత డబ్బు, ఎన్ని కిలోలు, ఎన్ని రోజులు. ఒక్కటి ఖాళీగా ఉన్నా సంతకం వద్దు. "ఖర్చేమీ లేదండీ, చిన్న మార్పే" అని వచ్చే కాగితాల్లో రోజుల గడి చూడండి, కథ అక్కడుంటుంది.

ఇంకో చిన్న సంగతి. ఇంట్లోవాళ్లు నేరుగా డిజైనర్‌కు వాట్సాప్‌లో "ఆ కర్టెన్ బదులు ఇది" అని ఫోటో పంపడం మొదలైతే ఏ రెప్ కూడా ఏమీ చేయలేడు. మార్పు ఏదైనా ఒకే మనిషి ద్వారా వెళ్లాలని మొదటి రోజే ఇంట్లో చెప్పండి. ఎలా చెబుతారో మీ ఇష్టం, నాకైతే ఆ ధైర్యం ఎప్పుడూ చాలలేదు.

పని నడుస్తున్నప్పుడు ఆయన ఏం చేస్తుండాలి

మనిషిని పెట్టుకున్నాక "ఇక ఆయన చూసుకుంటారు" అని వదిలేయడం కుదరదు. ఆయన పని చేస్తున్నాడో లేదో మీకు తెలియాలంటే ఆ పని ఏమిటో కొంచెమైనా తెలియాలి.

మొదటిది బరువు. బ్రోషర్‌లో రాసిన దూరం ఒక లెక్కప్రకారం తయారైన క్యాబిన్‌కు, కొద్దిమంది ప్రయాణికులకు వర్తిస్తుంది. బంబార్డియర్ గ్లోబల్ 7500కు 7,700 నాటికల్ మైళ్లు అని రాస్తారు, అంటే 14,000 కిలోమీటర్లు దాటి. శంషాబాద్ నుంచి న్యూజెర్సీ సుమారు 13,000 కిలోమీటర్లు. మిగులు ఉన్నట్టే ఉంటుంది. ఎదురుగాలి కొంత తింటుంది. మిగతాది మీ పాలరాయి, ఇంకో టీవీ, ఇంకో అల్మారా తింటాయి. అసలు రాయి కావాలంటే దాన్ని పల్చటి బిళ్లగా కోసి తేనెపట్టులాంటి తేలికపాటి పలక మీద అతికిస్తారు, అయినా బరువు బరువే. ప్రతి నెలా బరువు రిపోర్టు మీ ఈమెయిల్‌కు రావాలి: అనుకున్నది ఎంత, ఇప్పటికి ఎంత అయింది. అదనంగా 200 కిలోలు చేరితే ఇద్దరు మనుషులను, వాళ్ల పెట్టెలను దించేసినట్టే. ఆ ఇద్దరు ఎవరో చివర్లో తేల్చుకోవడం ఇబ్బంది.

రెండోది మంట పరీక్ష. విమానంలో పెట్టే ప్రతి గుడ్డ, లెదర్, తివాచీ, చెక్క ముక్క కాల్చి చూసిందై ఉండాలి. అమెరికా నిబంధనల ప్రకారం గోడ, సీలింగ్ ప్యానెళ్ల నమూనాకు 60 సెకన్లు మంట పెట్టి తీస్తారు. తీశాక సగటున 15 సెకన్లలోపు ఆరిపోవాలి, కాలిన పొడవు 6 అంగుళాలు దాటకూడదు. తివాచీ, సీటు కవరు లాంటివాటికి 12 సెకన్ల మంట, 8 అంగుళాల హద్దు. అమ్మగారు పోచంపల్లి ఇకత్‌తో కుషన్ కవర్లు కావాలంటే కాదనక్కర్లేదు. నూలు గుడ్డకు మంటను ఆపే మందు పట్టించాలి, దాంతో రంగు, మెత్తదనం కొంత మారొచ్చు. అందుకని కొన్ని మీటర్లు ముందే పంపి పరీక్ష చేయించాలి. అప్పగింతకు నెల ముందు గుర్తొస్తే మాత్రం కుదరదు.

లెదర్ విషయంలో మనం చేసుకోవాల్సిన పరీక్ష ఇంకొకటుంది, అది ఏ నిబంధనల్లోనూ లేదు. హైదరాబాద్‌లో ఒక ఓనరు ఇంట్లో మీగడ రంగు లెదర్ ముక్కలు బల్ల మీద పరిచి చూస్తున్నాం. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనకుండా లోపలికెళ్లి ఆవకాయ జాడీలోంచి గరిటెతో నూనె తెచ్చి రెండు ముక్కల మీద ఒక్కో చుక్క వేశారు. "రేపు పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున తుడిస్తే ఒకదాని మీద మరక పోయింది, రెండోదాని మీద ఎర్రటి వలయం అలాగే ఉండిపోయింది. రెండోదే ఖరీదైనది, డిజైనర్ ఎంచుకున్నది. విమానంలో ఏం తింటారో ఆ డిజైనర్‌కు తెలియదు, పెద్దావిడకు తెలుసు. అప్పటి నుంచి నేను నమూనాలు వచ్చిన ప్రతిచోటా ఆవకాయ నూనె, పసుపు నీళ్లు, కాఫీ, ఈ మూడూ వేసి ఒక రాత్రి ఉంచమంటాను.

అట్టతో, ఫోమ్ బోర్డుతో కట్టే నమూనా క్యాబిన్ దశ వస్తుంది. దాన్ని మాకప్ అంటారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టాయిలెట్‌లో లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తారో చూసి పట్టుకునే కడ్డీ అక్కడ పెట్టించాలి. దేవుడి పటం పెట్టుకునే చోటు కావాలంటే అదీ ఇప్పుడే చెప్పాలి, కుదుపులకు ఊడిపడకుండా బిగించే ఏర్పాటు ఉండాలి కాబట్టి. దీపం సంగతి అడక్కండి. వాస్తు కూడా. విమానం మొహం ఎప్పుడు ఎటుంటుందో పైలట్‌కే తెలియదు.

ఇక అసలు పని, ప్యానెల్ మూసేముందు తనిఖీ. దీన్ని క్లోజప్ ఇన్‌స్పెక్షన్ అంటారు. సెంటర్ వాళ్ల ఇన్‌స్పెక్టర్ ఎలాగూ చూస్తాడు. కానీ రెప్ చూసి సంతకం పెట్టకుండా ఒక్క ప్యానెల్ కూడా మూయకూడదని ఒప్పందంలో ఉండాలి. ఒక సెంటర్లో శుక్రవారం సాయంత్రం, అందరూ ఇళ్లకు పోయే తొందరలో ఉన్నారు. వంటగది వెనక ప్యానెల్ అప్పటికే సగం బిగించేశారు. మా రెప్ స్క్రూలు విప్పమన్నాడు. వాళ్లు మొహాలు చూసుకున్నారు. విప్పాక నేను టార్చి పట్టాను, ఆయన పళ్ల డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం లోపలికి పెట్టి తిప్పాడు. వేలు లావున్న వైర్ల కట్ట ఒకటి బ్రాకెట్ అంచు మీద ఆనుకుని ఉంది. అంచుకు రక్షణగా ఉండాల్సిన రబ్బరు లేదు, ఎవరో చుట్టూ టేపు చుట్టి వదిలేశారు. గాలిలో ప్రకంపనలకు ఆ అంచు కొన్ని వందల గంటల్లో టేపును, తర్వాత వైరు తొడుగును కోసేస్తుంది. ఆ తర్వాత పొగ. అప్పుడే సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది, ఒక క్లాంపు, ఒక రబ్బరు పట్టీ. మూసేశాక అయితే వంటగది మొత్తం బయటికి తీయాల్సిందే. అన్నట్టు, ఆ వంటగది, అల్మారా, గోడలాంటి నిలువు కట్టడాలను ఈ రంగంలో మాన్యుమెంట్లు అంటారు. మొదటిసారి విన్నప్పుడు చార్మినార్ గుర్తొచ్చి నవ్వాను, వాటి బిల్లు చూశాక నవ్వు పోయింది.

చెక్క పని గురించి ఒక్క మాట. పైన కనపడే చెక్క అంతా పల్చటి వెనీర్. క్యాబిన్ మొత్తానికి ఒకే దుంగ నుంచి వరసగా కోసిన పొరలు వాడితేనే గీతలు కలుస్తాయి. ఆ దుంగ పొరలను రెప్ కంటితో చూసి, వరస నంబర్లు ఫోటో తీసి ఉంచాలి. ఎత్తులో క్యాబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది, మే నెలలో మన రన్‌వే పక్కన విమానం నిలబడితే లోపల పొయ్యిలా ఉంటుంది. ఈ రెంటి మధ్య అతుకులు ఎలా ఉంటాయో పూత వేసేవాళ్లను అడగాలి.

మన దేశం కాగితాలు

లోపల చేసిన మార్పులకు ఎస్‌టీసీ అనే ఆమోదపత్రాలు ఉంటాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గానీ యూరప్ సంస్థ ఈఏఎస్‌ఏ గానీ ఇచ్చినవైతే విమానం అక్కడ ఎగరడానికి సరిపోతాయి. విమానం మన దేశపు వీటీ రిజిస్ట్రేషన్‌లోకి రావాలంటే మన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఏం అడుగుతుందో డిజైన్ దశలోనే రాతపూర్వకంగా కనుక్కోవాలి. క్యాబిన్ ఇంటర్నెట్ తీసుకుంటుంటే మన గగనతలంలో దాన్ని వాడటానికి వేరే నిబంధనలున్నాయి. వాటికి తగ్గ పరికరమా కాదా అన్నది కొనకముందే చూసుకోవాలి.

పన్ను సంగతి రెప్ పని కాదు, ఆయన్ని అడగొద్దు. ఆడిటర్‌తో మాట్లాడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత వాడకానికి తెచ్చుకునే విమానాల మీద జీఎస్టీ 40 శాతం, అలా కానివాటి మీద 5 శాతం. విమానం ఏ పేరున, ఏ పర్మిట్ మీద వస్తుందన్నది లోపల ఏ చెక్క వాడాలి అన్నదాని కంటే ముందు తేలాలి. సీట్ల అమరికకు కూడా దాంతో సంబంధం ఉండొచ్చు.

అప్పగింత రోజు

విమానం తళతళలాడుతూ ఉంటుంది, షాంపేన్ సిద్ధంగా ఉంటుంది, ఫోటోలు తీసేవాళ్లు ఉంటారు. ఆ రోజుకు ముందు కనీసం వారం రెప్‌కు ఇవ్వండి. విమానం నేల మీద ఉండగానే నీళ్ల ట్యాంకు నిండుగా నింపి ఒక రాత్రి ఉంచాలి, పొద్దున ప్రతి గొట్టం కింద చెయ్యి పెట్టి చూడాలి. అవెన్లు, టీవీలు, లైట్లు, సీట్ల మోటార్లు అన్నీ ఒకేసారి ఆన్ చేయాలి. ఒక్కొక్కటిగా అన్నీ బాగానే పనిచేస్తాయి, కలిపితేనే బండారం బయటపడుతుంది.

తర్వాత ఎగరాలి, అది కూడా రెండు మూడు గంటలు. పైన బయట ఉష్ణోగ్రత మైనస్ 50 దాటి పోతుంది. విమానం ఒళ్లంతా చల్లబడి ముడుచుకున్నాకే ప్యానెళ్లు కిర్రుమనడం మొదలుపెడతాయి. అరగంట చుట్టు తిరిగి వస్తే ఏదీ వినపడదు. శబ్దం ఎంత ఉండాలన్నది ఒప్పందంలో డెసిబెల్స్‌లో రాసి ఉంటుంది. ఏ ఎత్తులో, ఏ వేగంలో, ఏ సీటు దగ్గర తల ఎత్తున కొలవాలో కూడా రాసి ఉంటేనే ఆ అంకెకు విలువ. టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు కూర్చోవచ్చని సర్టిఫై అయిన సీట్లు ఏవో, దివాన్ మీద ఎంతమందికి బెల్టులు ఉన్నాయో ఆ రోజే ఒక కాగితం మీద రాయించి క్యాబిన్ సిబ్బందికి ఇవ్వండి.

లోపాల జాబితాలో ప్రతిదానికీ ఎవరు, ఎప్పటిలోగా అన్నది రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. చివరి విడతలో కొంత డబ్బు ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా మీ దగ్గరే ఆపుకోండి. రెప్ ఒప్పందం కూడా అప్పగింతతో ముగిసిపోకుండా మరో ఆరు నెలలు, వారంటీ క్లెయిముల వరకు సాగేలా పెట్టుకోండి.

అన్నీ అయ్యాక బయల్దేరేముందు ఒక చెక్కపెట్టె అడగండి. మిగిలిపోయిన వెనీర్ పొరలు, అదే లాటులో వచ్చిన లెదర్ చర్మాలు రెండు మూడు, తివాచీ ముక్క, పూత కలిపిన ఫార్ములా చీటీ అందులో వేయించండి. వైరింగ్ డ్రాయింగ్‌లు, ఎస్‌టీసీ కాగితాలు, మంట పరీక్షల రిపోర్టులు వేరే పెట్టెలో. మూడేళ్ల తర్వాత ఎవరి సూట్‌కేసో తగిలి తలుపు పక్క చెక్క లేచిపోతే, ఆ దుంగ పొర మళ్లీ ఎక్కడా దొరకదు. చెక్కపెట్టె ఆఫీసు స్టోర్‌రూమ్‌లో ఏసీ ఉన్న గదిలో పెట్టించండి, హ్యాంగర్‌లో వద్దు, మన వేడికి వెనీర్ చుట్టుకుపోతుంది.